కుళ్ళని గడ్డి

నది పేరు మోజో.
మొదటిసారి విన్నప్పుడు మన మోజే గుర్తొచ్చి
నాలో నేనే నవ్వుకున్నాను.
వంతెన దిగాక ఇక నవ్వు రాలేదు.
నీళ్ళు బూడిద కలిసిన నీలం.
తోలు కార్ఖానా గొట్టం దగ్గర తెట్టెలు కట్టిన నురగ,
ఆ నురగలో మేక వెంట్రుకలు.

వర్కినెష్ పొలం ఒడ్డు నుంచి నలభై అడుగులు.
ఉల్లి వేసింది. ఆకుల కొసలు మాడి
ఎటు పడితే అటు వాలిపోయాయి.
మడి గట్ల మీద తెల్లటి పెచ్చు.
ఉప్పే, చూడగానే తెలుస్తోంది.
అయినా కొలుద్దామని సంచిలో చెయ్యి పెట్టేసరికి
ఆవిడ గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.
"మా మామగారు ఇట్లాగే రుచి చూసి విత్తనం పోసేవాడు.
అప్పుడు తియ్యగా ఉండేది."
పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా.

పైన జానెడు, కింద మూరెడు, ఆ కింద ఇంకో మూరెడు.
మట్టిని మూడు సంచుల్లోకి ఎత్తుకుంటూ
వానపాము కోసం వెతికాను.
ఒక్కటీ లేదు.
మూడో సంచిలో ఎవరిదో చొక్కా గుండీ దొరికింది.
రేపు నివేదికలో ఇదంతా అంకెలవుతుంది,
కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములని.
గుండీకి అందులో గడి లేదు.

దుబాసీగా వచ్చిన సిసాయ్ మెల్లగా అడిగాడు,
క్రోమియం అంటే ఈవిడకి ఏమని చెప్పను?
చెప్పు, అన్నాను,
పచ్చితోలు ఊరికే వదిలేస్తే కుళ్ళిపోతుంది కదా,
కుళ్ళకుండా దానికి పట్టించే మందు.

విని, ఏమీ అనకుండా లేచి పార తెచ్చింది.
నాలుగు పోట్లు తవ్వింది.
పోయినేడు ఎరువవుతుందని కప్పిన టెఫ్ గడ్డి
పసుప్పచ్చగా, నిన్న కోసినట్టు.
"ఇదేనా?" అంది.

ఇరవయ్యేళ్ళుగా నేల గురించి చదువుతున్నాను.
ఇంత చిన్న మాట నాకెప్పుడూ తట్టలేదు.
నేల పని కుళ్ళబెట్టడం.
రాలిన ఆకునీ పేడనీ చచ్చిన పిట్టనీ
ముసలవ్వలా చిగుళ్ళతో నానబెట్టి నమిలి
మళ్ళీ ఒక మొలక నోట్లో పెట్టడం.
ఆ నోరు బిగుసుకుపోయింది.
మేకకి పట్టించిన మందు దీనికీ పట్టింది.
పొలం తోలవుతోంది.

చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా
నీ ఋణం తీరదంటాం,
అమ్మతో, గురువుతో, వేళకు అప్పిచ్చినవాడితో కూడా.
మట్టితో ఎవరన్నా అన్నారా?
నా బూట్లు అక్కడే గట్టు మీద,
తడుస్తాయని నేనే విప్పి పెట్టినవి,
ఎండలో మెరుస్తూ.

తప్పెవరిదని ఆవిడ అడగలేదు.
కొడుకు తిలాహున్ ఆ కార్ఖానాలోనే
డ్రమ్ముల దగ్గర పని.
ఇంటి పైన రేకులు ఆ జీతంతో వేసినవే.
సాయంత్రం వచ్చాడు, మోచేతుల దాకా నీలం.
బేసిన్‌లో చేతులు కడుక్కుని
ఆ నీళ్ళు గుమ్మం పక్క మిరప మొక్కకి పోశాడు,
అలవాటు కొద్దీ.
తల్లి చూసింది. నేనూ చూశాను.
కాఫీ మూడో విడత పలచగా వచ్చింది.
అందరం దాన్ని ఊదుకుంటూ కూర్చున్నాం.

బయల్దేరేటప్పుడు గుట్ట మీది చర్చి వైపు చెయ్యి చూపించింది.
"పోయాక నన్ను అంత ఎత్తున పెట్టమన్నాను వీణ్ణి.
మోయలేనంటున్నాడు.
ఇక్కడైతే నేను మన్నవనురా అంటే
అర్థం కాలేదు వాడికి."

కాగితంలో చుట్టి నాలుగు ఉల్లిగడ్డలు ఇచ్చింది.
వద్దనడానికి నోరు రాలేదు.
లాడ్జి కిటికీలో పెట్టాను.
తెల్లారేదాకా గదంతా వాటి వాసన,
మంచి వాసనే.
తినలేదు.
పారేద్దామంటే,
ఎక్కడ?